పులికీ గుర్రానికీ మూడో ఆట

మా మేనకోడలి గురించి ఎవరైనా రాస్తారేమోనని చాన్నాళ్ళు చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. నేను చదివింది పల్లెటూరి బడిలో, ఎనిమిదో తరగతి దాకా. అయితేనేం, మా మాస్టారు వేలి కణుపుల మీద స్కేలుతో కొట్టి దిద్దించిన అక్షరం ఈనాటికీ వంకర పోలేదు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. కొండదారిలో నడిపినన్నాళ్ళూ ఒక్క ప్రయాణికుడికి గోరంత గాయం కానివ్వలేదని డిపోలో అందరి ముందూ పతకం ఇచ్చారు. చెల్లెలిని చదివించాను, ఇల్లు కట్టాను, ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. ఇదంతా నా గొప్ప కోసం కాదు. ఆ పిల్ల ఎలాంటి ఇంట్లోంచి వచ్చిందో తెలియాలని చెబుతున్నాను.

ఆమె మా చెల్లెలి కూతురు. అసలు పేరు చెప్పి వెతికితే దొరకదు. "రాతిబల్ల అక్క" అంటే మాత్రం ఎవరైనా సరే, పాత బట్టలకొట్టు పక్కన మెట్ల కింద ఉన్న షాపు చూపిస్తారు. లాప్‌టాప్‌లు బాగుచేస్తుంది, కొనేవాళ్ళకు ఏది మంచిదో చూసి తెప్పించి ఇస్తుంది. షాపు పెట్టిన కొత్తలో పనిబల్ల కొనలేదు. ఎవరో పడగొట్టిన వంటింటి గట్టులోని నల్లరాతి పలకను తెచ్చి, ఇటుకల మీద వేయించుకుంది. ఎందుకే అంటే, "చెక్కయితే సోల్డరింగ్ సూది తగిలినచోటల్లా మాడిపోతుంది మావయ్యా, రాయికి ఏమవుతుంది?" అంది. సరేనన్నాను. ఆ బల్ల పేరే ఆమెకు అతుక్కుపోయింది.

ఆమె ఘనతలు కొన్ని చెప్పాలి. చిన్నతనంలోనే ఇంట్లో పాడైన ఫ్యాను విప్పి, మళ్ళీ బిగించింది. బిగించాక రెండు మరలు మిగిలిపోయాయి, కానీ ఫ్యాను తిరిగింది. స్కూలు అయిపోగానే ఒక రిపేరు షాపులో చేరితే, ఆ యజమాని ఆమెకు దుమ్ము దులిపే పని ఇచ్చాడు. దుమ్ము దులుపుతూనే పని మొత్తం నేర్చేసుకుంది. మూడు షాపుల వాళ్ళు ఇక లాభం లేదని పక్కన పడేసిన లాప్‌టాప్ బోర్డుకు ఆమె ప్రాణం పోసింది, ఒకసారి కాదు, చాలాసార్లు. పళ్ళ డాక్టరు మిషన్ ఆగిపోతే, కుర్చీలో నోరు తెరిచిన పేషెంటు నోరు మూయకముందే బాగుచేసి ఇచ్చిందని ఆ డాక్టరే చెబుతాడు. కాస్త పెంచి చెబుతాడేమో, నాకు తెలియదు.

అయితే ఆమెకు పేరు తెచ్చింది ఆటల లాప్‌టాప్‌లు. ఇప్పటి కుర్రకారు కొనే ముందు అడిగేది ఒక్కటే: "పులి కొనాలా, గుర్రం కొనాలా అక్కా?"

చదివేవాళ్ళలో నాలాంటి పెద్దవాళ్ళుంటారు కాబట్టి విడమరిచి చెబుతాను. బస్సుకు ఇంజను ఎలాగో లాప్‌టాప్‌కు ప్రాసెసర్ అలాగ. దాన్ని తయారుచేసే కంపెనీలు రెండు ఒకదాన్నొకటి తరుముతుంటాయి. ఒకటి తన మిషన్ల మీద పులి బొమ్మ అంటిస్తుంది, రెండోది గుర్రం బొమ్మ. కుర్రాళ్ళు పులి పార్టీ, గుర్రం పార్టీ అని చీలిపోయి టీ బండి దగ్గర కాలర్లు పట్టుకునేదాకా వెళ్ళడం నా కళ్ళతో చూశాను. ఆట నడుస్తుంటే తెర మూల ఒక అంకె కనిపిస్తుంది. సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తుందో చెప్పే అంకె అది, ఫ్రేములంటారు. అంకె పెద్దదైతే ఆట నీళ్ళలా సాగిపోతుంది. చిన్నదైతే తడబడుతుంది, శత్రువు ముందు కాలుస్తాడు, మనవాడు చస్తాడు.

మా మేనకోడలు నోటిమాటతో తేల్చే మనిషి కాదు. రెండు మిషన్లు తెప్పించేది. ప్రాసెసర్ తప్ప లోపల సరుకంతా ఒకటే ఉండాలి. షాపు మూసి, ఏసీ వేసి, తడిబట్టతో రాతిబల్ల శుభ్రంగా తుడిచి మొదటి మిషన్ పెట్టేది. ఆటలో దానంతటదే నడిచే పరీక్ష పందెం ఒకటుంటుంది, అందులో మనిషి చెయ్యి ఉండదు. అది ఒకసారి నడిపి, అంకె చూసి, మిషన్ తీసి, మళ్ళీ బల్ల తుడిచి రెండోది పెట్టేది. ఎవరికీ అన్యాయం జరగకూడదని అంత నిష్ఠ. ఎన్నిసార్లు చేసినా పులిదే పైచేయి. "ఆటలకు పులి కొనండి" అని చెప్పేది. ఆ మాట మీద ఎందరో కొన్నారు.

ఆ మాటే ఆమెను ఆటల హాలు ఓనరు దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆయనకు మూడు హాళ్ళు. గంటకు ఇంతని కట్టి కుర్రాళ్ళు ఆడుకునే చోటు. పాత మిషన్లన్నీ తీసేసి కొత్తవి పెట్టాలనుకున్నాడు. కొన్నాక వాటి బాగోగులు చూసే పని కూడా అమ్మినవాళ్ళకే ఇస్తానన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమె భర్త పనిచేసే ప్రింటింగు ప్రెస్సు మూతపడింది. అతను పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వెళ్ళి, మధ్యాహ్నానికి అదే ఇస్త్రీ నలగకుండా తిరిగొచ్చేవాడు. పిల్లకు బడి, ఇంటికి అద్దె, అన్నీ ఆ మెట్ల కింద షాపు మీదే పడ్డాయి. హాళ్ళ పని వస్తే ఇల్లు నిలబడుతుంది. రాకపోతే షాపు కూడా ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు. ఈ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

ఆ పనికి ఇంకొకడు కూడా ఎగబడ్డాడు. పెద్దరోడ్డు మీద అద్దాల షోరూము అతనిది. ఎండాకాలంలో కూడా టై కడతాడు కాబట్టి వీధంతా టై బాబు అంటుంది. అతను గుర్రం మిషన్లు అమ్ముతాడు.

ఓనరు ఇద్దరినీ పిలిచి చెప్పాడు: "నాకు కబుర్లు వద్దు. ఆదివారం మధ్యాహ్నం నా హాల్లో, నా కస్టమర్ల ముందు, రెండు మిషన్లూ పక్కపక్కన పెట్టండి. ఒకే ఆట, ఒక్క ఆట. ఎవరిది గెలిస్తే ఆర్డరు వాళ్ళకి. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి ఏడుపులొద్దు."

ఆ ఆదివారం నేనూ వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా అల్లుడు ఇంట్లోనే ఉండిపోయాడు. చూడలేనన్నాడు.

హాలు ఒక పాత గోడౌను. కిటికీలకు నల్లరంగు పూశారు. రెక్సిన్ అంటించిన చెక్కబల్లలు, గుండ్రంగా తిరిగే కుర్చీలు. జనం గోడల పొడుగునా నిలబడ్డారు. అంతమంది ఊపిరికి లోపల ఉక్కగా ఉంది. ఎదురుగోడ మీద పెద్ద తెర పెట్టి దాన్ని రెండు సగాలు చేశారు, ఎడమవైపు పులి, కుడివైపు గుర్రం. మా మేనకోడలు మిషన్ పెట్టే ముందు అలవాటుగా తడిబట్ట తీసి బల్ల తుడిచింది.

"ఏంటక్కా, అన్నం పెడతావా ఏంటి?" అన్నాడు టై బాబు. జనం నవ్వారు.

"పెడతా, నువ్వు ఓడిపోయాక. ఆకలేస్తుందిగా" అంది. ఇంకా గట్టిగా నవ్వారు.

ఆట మొదలైంది, దానంతటదే నడిచే ఆ పరీక్ష పందెమే. పందెం కార్లు వానలో దూసుకుపోతున్నాయి. పులి అంకె నూట యాభై దగ్గర ఆడుతోంది, గుర్రానిది నూట ముప్పై దాటడం లేదు. పులి పార్టీ వాళ్ళు ఈలలు వేశారు. నా గుండె ఎంత కొట్టుకుందంటే, కొండమలుపులో ఎదురుగా లారీ వచ్చినప్పుడు కూడా అంత కొట్టుకోలేదు. మా పిల్ల మాత్రం తెర చూడటం లేదు. మిషన్ కింద చేతి వెనకభాగం పెట్టి చూసింది. షాపులో కూడా అలాగే చూస్తుంది, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. చెయ్యి చటుక్కున తీసేసింది. మళ్ళీ పెట్టింది. మొహంలో రంగు మారింది.

ఆట అయిపోయింది. పులి గెలిచింది. చప్పట్లు మోగాయి. ఓనరు కుర్చీలోంచి లేవబోతున్నాడు. ఇలాంటి సందర్భంలో ఇంటి పెద్ద నాలుగు మాటలు చెప్పడం ధర్మం కాబట్టి నేను ముందుకొచ్చి, "ఈమె నా మేనకోడలు. మా ఇంట్లో పని చేతకానివాళ్ళు పుట్టరు" అని మొదలుపెట్టాను.

"ఆపకండి" అంది ఆమె.

నన్ను ప్రోత్సహిస్తోందనుకున్నాను. ఆమె చూస్తున్నది ఓనరువైపు.

"సార్, మిషన్లు ఆపకండి. ఇంకో ఆట నడవనివ్వండి."

"గెలిచావు కదమ్మా. ఇంకెందుకు?"

"మీ హాలుకొచ్చేవాళ్ళు ఒక్క ఆటాడి లేచిపోతారా?"

"ఒక్క ఆటా!" వెనకనుంచి ఎవరో అరిచారు. "వీడు అన్నానికి కూడా లేవడక్కా!"

టై బాబు టై సడలించుకుంటూ అన్నాడు: "ఓడిపోయినోడు ఇంకో ఆట అడిగితే అర్థముంది. గెలిచి అడిగేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా."

నేను ఆమె పక్కకు చేరి చెవిలో అన్నాను. "పిచ్చెక్కిందా నీకు? నోరు మూసుకుని కూర్చో."

"కింద చెయ్యి పెట్టి చూడు మావయ్యా."

పెట్టాను. స్టవ్ మీంచి అప్పుడే దించిన గిన్నెలా ఉంది.

"షాపులో ఎప్పుడూ ఇంత కాలలేదు. ఒక్కసారి కూడా కాలలేదు" అంది. "ఇదిలాగే కాలితే వేగం పడిపోతుంది. ఎంత పడిపోతుందో నాకు తెలియదు."

"తెలియనప్పుడు వదిలెయ్యి. రూలు ఆయనే పెట్టాడు. ఒక్క ఆటన్నాడు, ఒక్క ఆట గెలిచావు. ఇంట్లో ఆ మనిషి ఎదురుచూస్తున్నాడు."

ఆమె నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. ఉండి కూడా చెయ్యి ముందుకు పోయి రెండో ఆటకు మీట నొక్కింది. టై బాబు కూడా నొక్కక తప్పలేదు.

రెండో ఆటలో పులి నూట యాభైతోనే లేచింది. నేను ఊపిరి వదిలాను. సగం దూరం వెళ్ళేసరికి నూట నలభై. దాని లోపలి ఫ్యాన్లు విమానం లేచినట్టు అరుస్తున్నాయి. గుర్రం నూట ముప్పై దగ్గర ఉలుకూ పలుకూ లేకుండా నడుస్తోంది. ఈలలు తగ్గాయి. ఆట చివరికి పులి ఇంకా ముందే ఉంది, వెంట్రుకవాసి. నేను ఓనరుతో, "చూశారుగా, రెండోదీ మనదే, ఇక చాలు" అన్నాను. ఆయన కూడా తలూపాడు.

"ఇంకొకటి" అంది మా పిల్ల.

కుర్రాళ్ళు గోడలు వదిలి తెర దగ్గరికి జరిగారు. మూడో ఆట మొదలైన కాసేపటికే పులి నూట ఇరవైకి దిగింది. నూట పది. వానలో కారు మలుపు తిరిగేచోట బొమ్మ ఒక్క క్షణం ఆగి, ముందుకు గెంతింది. ఆటగాళ్ళందరికీ ఆ ఆగడం అంటే ఏంటో తెలుసు, "అబ్బా" అన్నారు ఒక్కసారిగా. కొండ ఎక్కేటప్పుడు ఇంజను మరిగిపోయి బస్సు ఊపిరాడనట్టు ఈడ్చడం నాకు తెలుసు. అదే చూస్తున్నాను. చూస్తూ ఏమీ చెయ్యలేకపోతున్నాను. అంకె తొంభై ఎనిమిదికి పడింది. గుర్రం నూట ఇరవై తొమ్మిది.

ఆమె రెండు చేతులూ బల్ల అంచుమీద పెట్టి నిలబడింది.

"ఇదేంటి?" ఓనరు లేచాడు. "ఇన్నాళ్ళూ ఊరంతటికీ పులి పులి అని చెప్పింది నువ్వేగా?"

"నేనే సార్."

"అంటే అబద్ధం చెప్పావా?"

"లేదు సార్. నా షాపులో ఏసీ గాలి నేరుగా రాతిబల్ల మీద పడుతుంది. ప్రతిసారీ తడిబట్టతో తుడుస్తాను. ఆ రాయి ఎప్పుడూ చల్లగా ఉంటుంది, మిషన్ కింది నుంచి ఆ చల్లగాలే పీల్చుకుంటుంది. పైగా ఒక్క ఆటే నడిపి తీసేస్తాను. పులికి వేడెక్కే అవకాశమే నేనివ్వలేదు. మనుషులు రాళ్ళమీద పెట్టుకుని ఆడరు. ఇలా చెక్కబల్లలమీద ఆడతారు, పరుపులమీద ఆడతారు, పొద్దుగూకేదాకా ఆడతారు."

"ఈ ముక్క మొదటి ఆటకి ముందు చెప్పొచ్చుగా?"

"నాకే మొదటి ఆటలో తెలిసింది సార్, చెయ్యి కాలాక."

ఓనరు వచ్చి పులి కింద తనూ చెయ్యి పెట్టి చూశాడు. "ఒక్క ఆటన్నాను. ఆ లెక్కన నువ్వే గెలిచావు" అన్నాడు. "కానీ నా హాల్లో పడిపోయే మిషన్లు కొని నేనేం చేసుకోను? గుర్రాలే కొంటాను. గుర్రాలమ్మేది ఈయన. పని కూడా ఈయనకే. అమ్మినవాడే చూసుకోవాలని ముందే చెప్పాను."

"అవును సార్" అంది.

అంతే. జనం గుర్రాన్ని మూగేశారు. ఆమె పులిని మూసి, తీగలు చుట్టి, సంచిలో పెట్టుకుంది. సంచి జిప్పు రెండుసార్లు జారిపోయింది, మూడోసారి నేను వేశాను. గుమ్మం దగ్గర టై బాబు అడ్డొచ్చాడు.

"అక్కా, నువ్వు నోరెత్తకపోయుంటే నేను ఇంటికెళ్ళేవాణ్ణి."

"తెలుసు."

"నా మిషన్ మూడో ఆట గెలుస్తుందని నాకే తెలీదు. నేనూ ఒక్క ఆట దాకానే చూసేవాణ్ణి."

"ఇకనుంచి మూడు చూడు" అని, అతన్ని దాటుకుని వెళ్ళిపోయింది.

దారిలో నేను ఊరుకోలేదు. మనిషినే కదా. చేతికొచ్చిన పనిని కాలదన్నావన్నాను, కట్టుకున్నవాడికి ఏం చెబుతావన్నాను. ఆమె సంచి భుజం మార్చుకుంటూ నడిచింది. మందుల షాపు దాటాక అడిగింది: "బ్రేకు సరిగ్గా లేదని తెలిస్తే నువ్వు బస్సు తీసేవాడివా మావయ్యా?"

"తీసేవాణ్ణి కాదు."

"మరి నన్నెందుకు తిడతావు?"

"బస్సు ఆపితే నా ఉద్యోగం పోయేది కాదు కాబట్టి" అన్నాను. నిజం అదే. ఆమె నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. నవ్వబోయింది, నవ్వు రాలేదు. పక్కనున్న మూసిన కొట్టు మెట్టుమీద కూర్చుని, చీరకొంగులో మొహం పెట్టుకుని ఏడ్చింది. నేను పక్కన నిలబడి, దారినపోయేవాళ్ళకు కనిపించకుండా అడ్డంగా ఉన్నాను. అంతకన్నా ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

మర్నాటి నుంచి ఆమె పెట్టుకున్న పని చూసి నాకే ముచ్చెమటలు పోశాయి. తన మాట మీద పులి కొన్నవాళ్ళందరికీ వరసగా ఫోన్లు. "నేను చెప్పింది ఒక్క ఆటకే సరిపోతుంది. ఎక్కువసేపు ఆడేవాళ్ళయితే తీసుకురండి, ఫ్యాన్లు శుభ్రం చేసి, వేడి తగ్గేలా సర్ది ఇస్తాను. అయినా నచ్చకపోతే మార్చి ఇస్తాను." ఒకాయన షాపుకొచ్చి బల్ల గుద్ది, "నిన్ను నమ్మడం నాదే బుద్ధి తక్కువ" అని అరిచాడు. పక్క కొట్టువాళ్ళు బయటికొచ్చి చూశారు. ఆమె తల వంచుకుని ఆయన మిషన్ విప్పింది. ఆ తిట్లు వింటూనే విప్పింది. అల్లుడు కూడా ఆ రోజు నుంచి షాపులోనే కూర్చున్నాడు. ప్రెస్సులో అచ్చుయంత్రం మరలు బిగించిన చెయ్యి అతనిది, ఫ్యాన్లు విప్పడం తొందరగానే పట్టేశాడు.

పళ్ళ డాక్టరుకు ఫోను చేస్తే ఆయన నవ్వాడట. "నేను ఆడేది పేషెంటుకీ పేషెంటుకీ మధ్యలోనమ్మా. నీ పులి వేడెక్కేలోపే ఎవడో ఒకడు దవడ పట్టుకుని లోపలికొస్తాడు. నాకిదే మంచిది, నువ్వొచ్చి ముట్టుకున్నావంటే ఊరుకోను."

ఆ మాట ఆమె మనసులో నాటుకుంది. ఇప్పుడు ఎవరొచ్చి పులా గుర్రమా అన్నా వెంటనే చెప్పదు. ముందు ఆమె అడుగుతుంది: ఎంతసేపు ఆడతావు, ఎక్కడ పెట్టుకుని ఆడతావు, గదిలో గాలి వస్తుందా. మొన్న ఒకావిడ కొడుకును వెంటేసుకుని వచ్చింది. "ఎంతసేపు ఆడతాడమ్మా?" అని అడిగితే, "నేను ఆడనిస్తే కదా!" అంది ఆవిడ. కుర్రాడు ఆవిడ వెనకనుంచి చెయ్యెత్తి, చాలాసేపని సైగ చేశాడు.

షాపు గట్టెక్కిందా అంటే, ఏదో నడుస్తోంది. హాళ్ళ పని పోయింది, అది మళ్ళీ రాలేదు. దాన్ని పూడ్చేది ఏదీ ఇంకా దొరకలేదు. పోయినందుకు బాధ లేదని ఆమె అనదు, నేనూ అనను.

కానీ సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు నేను ఆ హాలు ముందు ఆగుతాను. లోపల వరసగా గుర్రం మిషన్లు. కుర్రాళ్ళు ఒళ్ళు తెలియకుండా ఆడుతుంటారు, ఎక్కడా బొమ్మ ఆగదు. ఆ మిషన్లు అక్కడ ఎవరివల్ల ఉన్నాయో లోపలున్న ఒక్కడికీ తెలియదు. నేను లోపలికెళ్ళి చెబుతాను. కౌంటరులో కొత్తగా చేరినవాళ్ళకు చెబుతాను, నీళ్ళు తాగడానికి లేచినవాళ్ళకు చెబుతాను. మొన్న ఓనరే ఉన్నాడు.

"ఈ గుర్రాలను ఎంచింది..." అన్నాను.

"మీ మేనకోడలు" అన్నాడు తలెత్తకుండానే. "తెలుసు పెద్దాయనా. పోయిన వారం కూడా చెప్పారు."

"వచ్చే వారం కూడా చెబుతాను" అన్నాను.